ఒక్కో భాగంలో ఏడు

పిల్లల వార్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న నర్సుని అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్లు. ఆమె పిన్ని కూతురికి కూడా అదే వార్డులో ఉద్యోగం కాబట్టి ఆవిడ చిన్న సిస్టర్. చిన్నదానికి ఆ ఉద్యోగం పెట్టించింది పెద్దదే. పన్నెండేళ్ల కిందట సూపరింటెండెంట్ గది చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, "మా చెల్లెలండీ, పని ఇట్టే పట్టేస్తుంది, నాదీ పూచీ" అని ఒప్పించింది.

వార్డు ఇన్‌చార్జి రిటైరైంది. ఆ కుర్చీ పెద్ద సిస్టర్‌దేనని ఆయాలు కూడా అనుకున్నారు. ఈలోగా ఆస్పత్రి యాజమాన్యం చేతులు మారింది. ఇన్‌చార్జి కావాలంటే ఇంగ్లీషు పరీక్ష రాసి ఏడు స్కోరు తెచ్చుకోవాలని కొత్తవాళ్లు నోటీసు ఇచ్చారు. రెండు పేజీల కాగితం, దగ్గర దగ్గరగా అచ్చేసిన అక్షరాలు.

"మన పిల్లలు ఇంగ్లీషులో ఏడుస్తారా ఏంటే?" అంది పెద్దావిడ, నోటీసు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటూ.

"నేనున్నాగా అక్కా, నేను చెప్తా" అంది చిన్నది. ఆవిడా రాస్తోంది ఆ పరీక్ష.

ఆ మధ్యాహ్నమే నర్సుల గదిలో, వాడేసిన టెంపరేచర్ చార్టు వెనక్కి తిప్పి నాలుగు గళ్లు గీసింది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. ఒక్కోదానికి తొమ్మిది మార్కులు. నాలుగూ కలిపి నాలుగుతో భాగిస్తారు. పావు వస్తే అరకి, ముప్పావు వస్తే పై అంకెకి జరుపుతారు.

"అంటే ఒకదాంట్లో తక్కువొచ్చినా..."

"మిగతా మూడూ మోస్తాయి. రాయడం నీ వల్ల కాదక్కా. అది దిద్దేవాళ్లు అడిగినదానికి జవాబుందా, వరస కుదిరిందా, మాటలెన్ని తెలుసు, తప్పులెన్ని అని నాలుగు రకాలుగా చూస్తారు. ఏడుకి తెచ్చేసరికి నీ తల పండిపోతుంది. దాన్ని వదిలేసి మిగతావి పెంచు. యావరేజి చాలు."

పెద్ద సిస్టర్ ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు కష్టపడింది. బస్సులో ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఇంగ్లీషు వార్తలు వినేది. మందుల పెట్టెల్లో ఉండే కాగితాలు ఒక్కటీ పారేయకుండా చదివేది. వంటింట్లో గిన్నెలతో ఇంగ్లీషు మాట్లాడుతుంటే, "అవి తిరిగి జవాబిస్తే నన్ను లేపు" అనేవాడు మొగుడు. చిన్నది రోజూ డ్యూటీ దిగాక అరగంట కూర్చుని ఆమె చేత మాట్లాడించేది. ఆ విషయంలో మాత్రం లోటు చేయలేదు. ఓపిగ్గా వినేది, ఉచ్చారణ సరిదిద్దేది. ఎప్పుడైనా పెద్దావిడ వ్యాసం రాసి తెస్తే చూడకుండానే పక్కకి నెట్టేది. "మళ్లీ ఇదా? వదిలెయ్ అక్కా."

ఫలితాలు ఒకే రోజు వచ్చాయి. పెద్దావిడకి వినడంలో ఎనిమిదిన్నర, చదవడంలో ఎనిమిది, మాట్లాడడంలో ఏడున్నర, రాయడంలో ఆరు. మొత్తం ఏడున్నర. చిన్నదానికి మాట్లాడడంలో ఏడున్నర, మిగతా మూడింట్లో ఏడేసి. మొత్తం ఏడు.

పెద్దావిడ వార్డంతా స్వీట్లు పంచింది. కొత్త డాక్టరుకి ఇస్తూ, "మా చెల్లెలే నేర్పిందండీ. దాన్ని ఇక్కడ పెట్టించింది నేనే" అంది. తర్వాత చెల్లెల్ని దగ్గరికి తీసుకుని, "అర మార్కేగా, బాధపడకే. నేను ఇన్‌చార్జి అయ్యాక నీకు అన్నీ పగటి డ్యూటీలే వేస్తా" అంది.

చిన్నది రెండు స్వీట్లు తిని చేయి తుడుచుకుంది. "కంగ్రాట్స్ అక్కా."

సోమవారం ఇంటర్వ్యూకి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది పెద్దావిడ. ఆఫీసరు ఆమె కాగితం ఒక్కసారి చూసి పక్కన పెట్టాడు.

"రాయడంలో ఆరు. మీరెందుకొచ్చారు?"

"మొత్తం ఏడున్నర కదండీ."

"మొత్తం ఎవడిక్కావాలమ్మా?" నోటీసు రెండో పేజీ ఆమె వైపు తిప్పి, పెన్ను మొనతో ఒక వాక్యం చూపించాడు. ఒక్కో భాగంలో కనీసం ఏడు ఉండాలి.

పేపరు మళ్లీ దిద్దించమని అడిగితే ఏమైనా పెరుగుతుందా అందామె. పెరిగితే అర పెరుగుతుందేమో, ఒకటి పెరగడం తను ఎక్కడా చూడలేదన్నాడు ఆఫీసరు. మళ్లీ రాస్తానంది. పదవి ఈ రోజే ఇచ్చేస్తున్నామన్నాడు. తర్వాత పిలిచింది చిన్న సిస్టర్‌ని.

దుప్పట్ల గదిలో దొరికింది చెల్లెలు. అంచులు కలిపి దుప్పటి మడత పెడుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి యావరేజి చాలన్నావు కదే!"

"అన్నాను. నోటీసు నీ బ్యాగులో నాలుగు నెలలు ఉంది కదక్కా. చదవడంలో ఎనిమిది తెచ్చుకున్నదానివి, ఆ రెండో పేజీ చదువుకోలేకపోయావా?"

"నువ్వు చెప్పావు కదా అని..."

"నువ్వూ చెప్పావు. పన్నెండేళ్లు చెప్పావు. వచ్చిన ప్రతి డాక్టరుకీ, ప్రతి ఆయాకీ. నేనే పెట్టించా, నేనే పెట్టించా అని. ఇప్పుడీ కుర్చీ ఎవరు పెట్టించారో చెప్పు చూద్దాం." దుప్పటి బీరువాలో పెట్టి తలుపు మూసింది. "రేపట్నుంచి నీ డ్యూటీ రిపోర్టు ఇంగ్లీషులో రాయి. నేను దిద్దుతా."

నిజంగానే దిద్దింది. డ్యూటీలు మారే వేళ అందరి ముందూ ఆ రిపోర్టు పైకి చదివేది. తప్పు దగ్గర ఆగేది, చదివిందే మళ్లీ చదివేది. కొత్త నర్సులు కిందికి చూసి నవ్వుకునేవాళ్లు. ఆయాలు సందేహాలుంటే ఇదివరకు పెద్దావిడనే అడిగేవాళ్లు. ఇప్పుడు ఆమె పక్కనుంచే నడిచి గాజుతలుపున్న ఇన్‌చార్జి గదిలోకి వెళ్తున్నారు. ఇంట్లో ఆమె ఇంగ్లీషూ మానేసింది, తెలుగూ తగ్గించేసింది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వాంతులూ విరేచనాలతో పది నెలల పాపని తీసుకొచ్చారు. కళ్లు లోతుకి పోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వెంటనే సెలైన్ ఎక్కించమని రాసి డాక్టరు ఆపరేషన్ గదికి వెళ్లిపోయాడు. నీరసించిన పిల్లలకి నరం దొరకడం కష్టం. ఆ వార్డులో ఎవరికీ దొరక్కపోతే పెద్ద సిస్టర్‌ని పిలవడం అలవాటు. ఆమె వేలు పెట్టిందంటే నరం తప్పేది కాదు.

చిన్న సిస్టర్ పిలవలేదు. ఎడమచేతికి గుచ్చింది, దొరకలేదు. కుడిచేతికి గుచ్చింది, చర్మం కింద నీలంగా ఉబ్బింది. పెద్దావిడ గుమ్మం దగ్గర ట్రేలో మందులు సర్దుతూ నిలబడింది. సర్దడం ఎప్పుడో అయిపోయింది. పాప ఏడుస్తూనే ఉంది. తల్లి, "చాలమ్మా, చాలు, చూడలేకపోతున్నా" అంటోంది. మూడోసారి పాదానికి గుచ్చింది. పెద్దావిడ కదల్లేదు. పిలవనీ, నోరు తెరిచి పిలవనీ అనుకుంటోంది.

నాలుగోది కూడా తప్పాక చిన్నది వెనక్కి తిరిగింది. ముఖమంతా చెమట.

"అక్కా, కొంచెం చూడవా."

"రాసివ్వండి మేడమ్."

"ఏంటి?"

"మీ వల్ల కాలేదని, నన్ను పిలిచారని. ఇంగ్లీషులో. రేపు నామీదికి రాకూడదుగా."

చిన్నది ఆమె ముఖంలోకి చూసింది. ఆమె తమాషాకి అనడం లేదు. కేసుషీటు మీద రెండు లైన్లు గిలికింది. పెద్దావిడ ఆ రెండు లైన్లూ నిదానంగా చదివింది. అప్పుడు తెలిసింది, గదిలో ఏడుపు వినపడటం లేదని. పాప ఏడవడం మానేసింది.

ట్రే అక్కడే వదిలేసి పరిగెత్తింది. తల పక్కన, జుట్టు కింద వేలితో తడిమి ఒక్క పోటుకే సూది ఎక్కించింది. బాటిల్లోంచి చుక్కలు పడ్డాయి. చాలాసేపటికి పాప మూలిగింది, ఇంకాసేపటికి సన్నగా ఏడ్చింది. పెద్దావిడ గోడకి చేరగిలబడి చేతులు చూసుకుంది.

తల్లి ఆమెకి దండం పెడుతుందనుకుంది అక్కడున్న ఆయా. తల్లి దండం పెట్టలేదు.

"నువ్వు ఆ గుమ్మంలోనే నిలబడ్డావు కదమ్మా ఇంతసేపూ. నేను చూస్తూనే ఉన్నా. నీ చేతిలో ఇంత ఉంటే ముందే రావచ్చుగా?"

చిన్న సిస్టర్ కేసుషీటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

పాప నాలుగు రోజుల్లో తేరుకుంది. మూడోరోజు పొద్దున పెద్దావిడ బాటిల్ మార్చడానికి వెళ్తుంటే, తల్లి ఆయాని దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆవిడ వద్దు. ఇంకెవరినైనా పంపు. సూది నాలుగుసార్లు గుచ్చినా పర్లేదు."

ఆ మాట పెద్ద సిస్టర్‌కి వినపడింది. చేతిలోని బాటిల్ ఆయాకిచ్చి పక్క మంచం వైపు నడిచింది.