సంజీవరావు చూసే చేతులు

"చేతులు చూపించమ్మా," అన్నాడు సంజీవరావు.

రామతులసి లుంగీల కట్ట కిందపెట్టి విసురుగా చేతులు చాపింది. వన్ టౌన్‌లో ఆమె పనిచేసే బట్టల గోడౌనుకి వాచ్‌మన్‌గా వచ్చినప్పటినుంచీ ఆయన వరస ఇదే. గేటు దాటే ప్రతి మూటా తడిమేవాడు. ఆ తరవాత మనిషి మణికట్ల వంక చూసేవాడు. అరవై దాటినా నిటారుగా ఉండే మనిషి, ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. గేటు పక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. ఏదో వెధవపని చేస్తే మిలటరీ నుంచి పంపేశారని హమాలీలు చెప్పుకునేవారు. రామతులసికీ ఆ అనుమానం ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇక ఊరుకోలేకపోయింది.

"మేం దొంగల్లా కనపడుతున్నామా అండీ? ఆడవాళ్ళ చేతులు అలా చూడ్డమేంటి?"

ఆయన ముఖం పాలిపోయింది. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అని ఓ దేశముందమ్మా. వాళ్ళలో వాళ్ళకే యుద్ధం. మన దేశం తరఫున మా పటాలాన్ని శాంతి కాపలాకి పంపారు. తిరగబడ్డోళ్ళు బట్టల మూటల్లో కత్తులు పెట్టుకుని జనంలో కలిసిపోయేవాళ్ళు. ఊళ్ళమీద పడి చేతులు నరికేసేవాళ్ళు."

"చేతులా? ఎందుకండీ?"

"మళ్ళీ ఓటెయ్యకుండా అంట. మరియామా అని ఏడేళ్ళ పిల్ల, మా గేటు దగ్గరే ఆడుకునేది. దానికేం ఓటుందమ్మా? నేను సెలవుకి ఇంటికొచ్చి తిరిగెళ్ళేసరికి ఆస్పత్రిలో ఉంది. రెండు చేతులూ లేవు. నన్ను చూసి నవ్వింది."

"అంత ఘోరం జరిగితే మేమెందుకు వినలేదండీ?"

"ఎవరూ వినలేదమ్మా."

తప్పు కప్పుకోవడానికి అల్లిన కథేమో అనుకుంటూ ఆమె లోపలికి వెళ్ళింది. అయినా మనసు నిలవక ఫోనులో ఆ దేశం పేరు, యుద్ధం అని చెప్పి వెతికింది. మోచేతుల దగ్గర కట్లతో వరసగా నిలబడ్డ మనుషుల ఫొటో వచ్చింది. అందులో పసివాళ్ళూ ఉన్నారు. తెలియకుండానే తన మణికట్టు తనే పట్టుకుంది.

టీ తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. సంజీవరావు గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నట్టు ఉన్నాడు. పిలిచింది. భుజం తట్టింది. గుండె ఆగిపోయిందని తరవాత డాక్టరు చెప్పాడు.

బంధువుల నంబరేదైనా దొరుకుతుందేమోనని ఆయన గదిలోని ట్రంకుపెట్టె రామతులసి చేత తెరిపించాడు ఓనరు వెంకటకృష్ణారావు.

"మన సరుకేమన్నా దాచాడేమో కూడా చూడమ్మా," అన్నాడు. హమాలీలు మెడలు సాచారు.

రెండు జతల బట్టలు. వాటి అడుగున, పసుపుబారిన పాత పేపర్లో ఒక పొట్లం. రామతులసి మడతలు విప్పింది. ఏడేళ్ళ పిల్లకి సరిపోయే ఎర్ర గాజులు. కొట్టువాడు కట్టిన దారం ఇంకా అలాగే ఉంది.