గోడకు మిగిలిన మేకు

మొదటి కడుపు పోయినప్పుడు పెయ్‌యున్‌ని అత్త ఒక్క మాట అనలేదు. కడుపుతో ఉండగా కోడలు క్యాలెండరు కోసం పడకగదిలో కొట్టిన మేకును మాత్రం పీకనివ్వలేదు, దానికి ఏమీ తగిలించనివ్వలేదు. కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లో, కడుపులో బిడ్డను కాచే పిండదేవుడు మంచం మీదో గుమ్మం దగ్గరో మసలుతుంటాడు. సుత్తో సూదో ఆయనకు తగిలితే బిడ్డకు తగిలినట్టే. తైనాన్ ఊళ్లో ఈ మాట తెలియని అత్త లేదు. మూడేళ్లుగా పెయ్‌యున్ పొద్దున లేస్తూనే ఆ మేకు మొహమే చూస్తోంది.

మళ్లీ కడుపొచ్చింది. ఆరో నెలలో డాక్టరమ్మ ఫ్లూ టీకా వేయించుకోమంది. చలికాలంలో ఆ జ్వరం పట్టుకుంటే తల్లికీ బిడ్డకీ ముప్పేనంది.

చేప గంజి కలుపుతున్న అత్త గరిటె ఆపింది. "సూదా? బట్టకు కుట్టు వేయడానికే భయపడతామే, ఒంట్లోనే పొడిపించుకుంటావా? నీ ఇష్టమమ్మా, చెప్పడానికి నేనెవర్ని? మేకు కొట్టేటప్పుడు మాత్రం నన్నడిగావా?"

మొగుడు జున్‌హాంగ్ గిన్నెలోంచి తల ఎత్తలేదు. "అమ్మతో గొడవెందుకులే. మాస్కు వేసుకుని తిరుగు, చాలు."

టీకా మంచిదేనని పెయ్‌యున్‌కు తెలుసు. కానీ వేయించుకున్నాక బిడ్డకు చిన్న మచ్చ కనబడినా సూది వల్లే అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఆమె జబ్బుకంటే నిందకే ఎక్కువ భయపడింది. ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

నడి చలికాలంలో వచ్చే తీపి ఉండల పండుగనాడు జున్‌హాంగ్ దగ్గుతూ ఇంటికొచ్చాడు. అతనికి రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఆమెకు ఊపిరితిత్తులకు పాకింది. ఏడో నెల నిండకుండానే పుట్టిన పిల్లాడు అద్దాల పెట్టెలో గొట్టాల మధ్య పడుకున్నాడు.

"బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయం. మీరందరూ వేయించుకుంటేనే వాడికి రక్ష," అంది నర్సు.

"డాక్టరమ్మ అప్పుడే చెప్పింది తల్లీ. చదువుకున్న పిల్ల, వింటేనా!" అంటూ అత్త అందరికంటే ముందు స్వెట్టరు చెయ్యి పైకి మడుచుకుంది. "మనవడి కోసం ఆమాత్రం ఓర్చుకోలేనా?"

జున్‌హాంగ్ కూడా చొక్కా చెయ్యి మడిచాడు.

పెయ్‌యున్‌కు ఒళ్లు మండిపోయింది. అత్త మీద కొంత, మొగుడి మీద కొంత, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చిన తన కాళ్ల మీద మరింత.

"ఇంటికెళ్లాక ఆ మేకు పీకేస్తాను అత్తయ్యా."

సూది దిగుతుంటే అత్త మొహం తిప్పుకుంది. "ఉండనియ్యవే. మాట వినకపోతే ఏమవుతుందో నీకు గుర్తుంటుంది."