పని ఆపే గది

పెద్ద వరద గోడౌను తలుపుదాకా వచ్చిపోయిన నాలుగో ఏడు అది. ఆ ఏడే మా చేతికి ఫోన్లు వచ్చాయి. ఏ లారీ ఎవరు దించాలో మేస్త్రీకి బదులు యాప్ చెప్పసాగింది.

మూట ఇద్దరు పట్టాలి. పద్దెనిమిదేళ్లు అటు కొస బావ, ఇటు కొస నేను. చుట్టరికం లేదు, పిలుపే. ఒకరోజు బావ కళ్లు తిరిగి మూటల మీదే కూలబడ్డాడు. తేరుకునేసరికి బావ ఫోన్‌లో ఎర్రగా వచ్చింది: నీకు పని లేదు. నేను పక్కనే ఉన్నాను.

"నేను ఆపలేదు. యాప్ ఆపింది," అన్నాడు సూపర్‌వైజర్.

తర్వాత రోజుకో కొత్త మనిషి అటు కొస పట్టాడు. ఎవరి పేరూ అడగలేదు. ఇంటికెళ్తే అక్కడా పలకరించే దిక్కు లేదు.

నెల తిరక్కుండా కొత్త ఒప్పందం వచ్చింది. మేనేజర్ షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి వేలిముద్రలు వెయ్యమన్నాడు. డబ్బాలకు చీటీలు అంటించే ఆవిడ పది చదివింది. అందరూ వదిన అంటారు. కాగితం లాక్కుని పైకి చదివింది.

"'యాప్ అంటే కార్మికుడి ఫోన్‌లో కనిపించే తెర మాత్రమే.' అంతేనా సార్?"

"అంతే."

"కళ్లు తిరిగి పడిన మనిషిని ఆపింది ఆ తెరేనా?"

"తెర చూపిస్తుందంతే. ఆపేది వెనకాల సిస్టం."

"అది ఇందులో ఎక్కడ రాశారు?"

"మీకెందుకమ్మా? అర్థమై చస్తుందా?"

"అర్థంకాకుండానే చస్తున్నాంగా!" వెనక నుంచి ఎవరో. షెడ్డంతా గొల్లుమంది.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలీదు.

"ఇంటికి ఒప్పందమంటూ వాకిలి ఒక్కటే రాశారు. మావాడు లోపలి గదిలో మాయమయ్యాడు. పని పంచే గది, మార్కులేసే గది, పని ఆపే గది, అన్నీ రాయండి. ఒక్కో గదికి జవాబు చెప్పే మనిషి పేరు రాయండి. మావాణ్ణి పనిలోకి తీసుకోండి."

"ఓర్నీ, తాతకి నోరుందిరోయ్!" అన్నాడు లారీ డ్రైవర్.

వదిన ఆ మూడు గదులూ ఒప్పందం మీదే కలంతో రాసేసింది. "ఇవి చేరిస్తేనే వేలు!" అంది. చాచిన వేళ్లన్నీ పిడికిళ్లలోకి ముడుచుకున్నాయి.

"రేపు వేలు వేసినవాడికే గేటు తెరుస్తాం," అని మేనేజర్ వెళ్లిపోయాడు. సాయంత్రం పోలీసులు వచ్చారు. కంపెనీ కాగితం పాడుచేసిందట, వదినని జీపెక్కించారు.

"బాబాయ్, మూడోది మాత్రం వదలకండి," అంది జీపులోంచి నావైపు తిరిగి.

మర్నాడు పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని వెళ్లాను. నాది మూడేళ్ల బడి. కూడబలుక్కుంటూ మూసిన గేటు మీద మూడు గదులూ రాశాను. ఒక్కోదాని పక్కన మనిషి పేరుకి చోటు వదిలాను. ఒక్కణ్ణే అనుకున్నాను. తిరిగి చూస్తే షిఫ్టంతా నిలబడి చదువుతోంది. గేటుకి అడ్డంగా కూర్చున్నాను.