పద్నాలుగో నంబరు ముద్ర

విమానాశ్రయంలో పాస్‌పోర్టులు తనిఖీ చేసే పద్నాలుగో కౌంటరు ఆయన్ని అందరూ ముద్రల మావయ్య అంటారు. క్యూ కట్టించడం కాదు, క్యూ కట్ చేయించడం తన పని అనేవాడు. కిటుకు ఒక్కటే: ముందు ముద్ర, తర్వాత ముఖం. వేగానికి వరసగా మూడేళ్లు షీల్డు కొట్టాడు.

ఆ పొద్దున అక్రమ రవాణా నిరోధక విభాగం ఇన్‌స్పెక్టరమ్మ ఆయన బల్ల మీద ఒక కాగితం పెట్టింది. పరాయి దేశంలో ఒకింట్లో బంధించిన ఏడుగురు అమ్మాయిల్ని విడిపించారట. ఎనిమిదో అమ్మాయి జాడలేదు. ఆ కాగితం ఈ ఎనిమిదో పిల్ల పాస్‌పోర్టు నకలు. ఫొటోలో వెనక ఎర్ర తెర, దానికి ఎడంపక్క చిరుగు. మరో పేజీలో పద్నాలుగో నంబరు ముద్ర.

ఆవిడ తిట్టలేదు. పిల్ల పక్కన ఎవరున్నారో గుర్తుందా అని అడిగిందంతే. ముద్ర తనదే. ముఖం మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు.

మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, పక్కన బాబాయట. మావయ్య చెయ్యి అలవాటుగా ముద్రతో సహా పైకి లేచింది. ఫొటోలో ఎర్ర తెర. ఎడంపక్క చిరుగు. చెయ్యి గాల్లోనే ఆగింది.

ఎందుకు వెళ్తున్నావని పిల్లని అడిగితే బాబాయి జవాబిచ్చాడు. ఎన్నాళ్లకంటే మళ్లీ బాబాయే. ఫారంలో సంతకం తప్పు గడిలో పెట్టారు, మార్చుకు రమ్మని మావయ్య అతన్ని పక్క బల్లకి తోలి, గొంతు తగ్గించాడు.

"మీ బాబాయి పేరేంటమ్మా?"

పిల్ల అటు చూసింది. "పేరు చెప్పలేదండీ. పొద్దుటి నుంచి బాబాయ్ అని పిలవమన్నారు."

బల్ల కింద గంట నొక్కాడు. గార్డులు బాబాయిని పట్టుకెళ్లారు. గంట విని వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ పిల్లని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వెనక క్యూలోంచి ఎవరో, ముద్ర వేస్తారా నిద్ర పోతారా అని విసుక్కున్నారు. ఇంకో రోజైతే మావయ్య దానికి రెండింతలు వడ్డించేవాడు.

ఆ తెర ముందు ఇంకెవరైనా ఫొటో దిగారా అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. ముగ్గురు దిగారంది పిల్ల, నిన్ననే వెళ్లిపోయారంది.

"ఏ కౌంటరు గుండా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఇదేనండీ. ఈ లైను త్వరగా కదులుతుందని చెప్పి పంపారు."

మావయ్య ముద్ర పక్కన పెట్టేశాడు. నిన్నటి జాబితా తెరిచి, మొదటి పేరు నుంచి ఒక్కొక్క ముఖమే చూడటం మొదలుపెట్టాడు.