పిన్ తీశానని చెప్పని రోజు

ఎమ్మెట్ షెడ్డుకి 'అమ్మకానికి' అన్న అట్టముక్క వేలాడుతోందని తెలిసిన రోజున ఆర్డిస్‌కి తిండి సయించలేదు. ముప్ఫై ఏళ్ళుగా హెరన్ కోవ్‌లో పడవల్ని ట్రక్కు వెనక లాక్కెళ్ళే ట్రైలర్లకి బ్రేకులు చూసేది ఆయనే. ఉప్పునీళ్ళూ ఇసుకా కలిసి ఇనుముని నమిలేసే తీరం అది. ఎమ్మెట్ చెయ్యి పడకుండా ఏ ట్రైలరూ రెండో ఏడు చూసేది కాదు. అలాంటి మనిషి గుమ్మం మూడు నెలలుగా ఎవరూ తొక్కలేదు. కారణం ఆర్డిస్ మొగుడు లోయెల్ చావు. ఎమ్మెట్ బ్రేకులు చూసిన పదిహేను రోజులకే లోయెల్ ట్రైలర్ కొండ దిగువన పట్టు తప్పి, పడవతో సహా ముందున్న ట్రక్కుని లోయలోకి తోసేసింది. తప్పు ఎమ్మెట్ పనిదేనని ఊరు తీర్పు చెప్పేసింది. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడు లేదు కదా!

ఆ తీర్పు తప్పని తెలిసింది ఊరు మొత్తం మీద ఒక్క ఆర్డిస్‌కే. తెలిసీ నోరు మెదపలేదు.

ఈ ట్రైలర్ల బ్రేకులు నడిపేవాడి కాలి కింద ఉండవు. ముందు ట్రక్కు నెమ్మదించగానే వెనక ట్రైలర్ తోసుకొస్తుంది. ఆ తోపుకే, ట్రక్కుకి తగిలించే కొక్కెం దగ్గరున్న చిన్న సిలిండర్లో ఆయిల్ ఒత్తుకుని చక్రాలు పట్టేస్తాయి. ముందుకు పోయినంతసేపూ ఇది బంగారం లాంటి ఏర్పాటే. చిక్కల్లా వెనక్కి నడిపేటప్పుడు. హెరన్ కోవ్‌లో రేవు లేదు. పడవలు అలల మీంచి దూసుకొచ్చి నేరుగా ఇసుకెక్కుతాయి, ట్రైలర్ని వాటి దాకా ఇసుకలో వెనక్కి తొయ్యాలి. అప్పుడూ అదే తోపు, అప్పుడూ చక్రాలు పట్టేయడమే. అందుకని కొక్కెం పక్కనున్న చిల్లులో వేలెడంత పిన్ దూర్చి బ్రేకులకి కళ్ళెం వేస్తారు. అది తీసేదాకా ట్రైలర్‌కి బ్రేకులు లేనట్టే. పడవ ఎక్కాక, పెట్టిన చెయ్యే పిన్ తీసి, "పిన్ తీశా!" అని కేకెయ్యాలి. ఆ కేక వినకుండా ఎవడూ ట్రక్కు కదిలించడు. వెనకున్నది కట్టుకున్న పెళ్ళామైనా, కన్నతండ్రైనా సరే.

ఆ రోజు పిన్ పెట్టింది ఆర్డిస్. పొద్దున్నించీ మొగుడితో మాటల్లేవు. నాలుగు గంటలు సముద్రం మీద ఎదురెదురుగా కూర్చుని చేపలు లాగారు గానీ ఉలుకూ పలుకూ లేదు. ఒడ్డుకొచ్చి పడవని ట్రైలర్ ఎక్కించాక ఆమె కొక్కెం దాకా వెళ్ళింది. పిన్ మీద చెయ్యి కూడా వేసింది. సరిగ్గా అప్పుడే లోయెల్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమోయ్, ఇవాళ కేకకి కూడా మూగనోమేనా?" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. విసవిసా వచ్చి, ట్రక్కెక్కి, తలుపు ధడాలున వేసింది. పాపం ఆయన, 'తీసే ఉంటుంది, నాతో మాట్లాడటం ఇష్టంలేక కేకెయ్యలేదు' అనుకుని ట్రక్కు కదిలించాడు. ఇల్లు నాలుగడుగుల దూరం. ఆమె అక్కడ దిగిపోయింది. ఆయన పడవ ఇంజను చూపించడానికి కొండ అవతలి ఊరికి ఒక్కడే బయల్దేరాడు.

ఆలుమగల కయ్యం అద్దం మీద పెసరగింజ అంటారు. ఆ గింజ జారేలోపే ఆయన పోయాడు.

ఫోను వచ్చిన క్షణంలోనే ఆర్డిస్‌కి పిన్ గుర్తొచ్చింది. ఎందుకు చెప్పలేదంటే, మారిట్ కోసం. ఒక్కగానొక్క కూతురు, తండ్రి అంటే ప్రాణం పెట్టే పిల్ల. పట్నంలో నర్సు. తండ్రి పోయాక ప్రతి ఆదివారం రెండు గంటలు కారు నడుపుకుంటూ తల్లి దగ్గరికొస్తోంది. అంత్యక్రియలైన వారానికి కిరాణా కొట్టు ముందు ఎమ్మెట్ కనిపిస్తే ఆ పిల్ల నలుగురిలో నిలేసింది. "మా నాన్నని చంపి ఏ మొహం పెట్టుకుని తిరుగుతున్నావు?" అని అరిచింది. ఎమ్మెట్ టోపీ తీసి తలొంచుకున్నాడు. పక్కనే గుడ్ల సంచి పట్టుకుని ఆర్డిస్ నిలబడి ఉంది. నిజం చెబితే ఉన్న ఒక్క కూతురూ దక్కదు. ఆ భయమే ఆమె నోరు నొక్కేసింది.

కానీ ఎమ్మెట్ ఊరొదిలి పోతున్నాడంటే ఇక ఉండబట్టలేదు. శుక్రవారం పొద్దున పెరట్లో పడున్న లోయెల్ ఇంకో పాత ట్రైలర్ని అరువు తెచ్చిన ట్రక్కుకి తగిలించుకుని షెడ్డుకి వెళ్ళింది.

"దారి తప్పావా?" అన్నాడు ఎమ్మెట్. డెబ్బై ఏళ్ళ మనిషి, మూడు నెలల్లోనే ఎనభై ఏళ్ళవాడిలా అయిపోయాడు.

"బ్రేకులు చూడాలి."

"నా చేతా? ఊళ్ళో వింటే నిన్ను కూడా వెలేస్తారు."

"వాగుడాపి చూడు."

ఆయన నవ్వి పనిలోకి దిగాడు. చక్రాలు విప్పి లోపలికి చూసి నాలుక చప్పరించాడు. "సముద్రం నించి రాగానే మంచినీళ్ళతో కడగమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ఈ తుప్పు చూడు, గంపకెత్తొచ్చు."

"కడగడం ఆయన పని."

ఎమ్మెట్ తుప్పు గీకాడు, పట్టీలు మార్చాడు, పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశాడు. ఇక మిగిలింది బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం. అది ఇద్దరు చేసే పని. ఆయన దూరంగా ఉన్న చక్రం దగ్గర అట్ట పరుచుకుని పడుకున్నాడు. ఆర్డిస్ కొక్కెం దగ్గర ఇనప ఊచ పట్టుకుని నిలబడింది. ఆమె ఊచతో సిలిండర్ని ఒత్తి పట్టుకోవాలి. ఆయన చక్రం దగ్గర నట్టు వదులు చేస్తే సన్నటి గొట్టంలోంచి ఆయిలూ గాలిబుడగలూ సీసాలోకి వస్తాయి.

"ఒత్తు."

"ఒత్తా."

"పట్టు."

"పట్టా."

ఏళ్ళ తరబడి ఈ జవాబులు ఈ షెడ్డులో లోయెల్ చెప్పేవాడు. నాలుగోసారి ఒత్తాక ఆర్డిస్ ఊచ మీంచి కళ్ళెత్తకుండా అంది.

"ఎమ్మెట్, ఆ రోజు నేను పిన్ తియ్యలేదు."

పానా చప్పుడు ఆగింది. "ఊచ వదలకు. వదిలితే మళ్ళీ గాలి దూరుతుంది" అన్నాడు. నట్టు బిగించాక, "ఇప్పుడు వదులు" అన్నాడు. తర్వాత పడుకున్నచోటి నుంచే, "నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"బండి లాగడానికి లోయ దగ్గరికి ముందు చేరింది నేనేగా. పోలీసులు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పిన్ చిల్లులోనే ఉంది. తీసి జేబులో వేసుకున్నా."

ఆర్డిస్ అక్కడే తిరగేసిన డబ్బా మీద కూలబడింది. "ఎందుకు?" అంది.

"అప్పటికే నీ మొగుడు పోయాడు. దాని మీద ఇంకో బండరాయి ఎందుకులే అనుకున్నా. నా పని బాగోలేదని నాల్రోజులు గొణుక్కుని మర్చిపోతారనుకున్నా. మర్చిపోలేదు. అంతే."

"ఎవరడిగారయ్యా నిన్ను?" ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఆ రోజే అందరిలో చెప్పుంటే ఒక్కసారి గుండెలు బాదుకుని ఏడ్చేదాన్ని. మూడు నెలలు దొంగలా బతికాను. నువ్వు ఎదురొస్తే సందులోకి తిరిగిపోయాను."

"చూశాలే. పిన్ సంగతి నీకు గుర్తే లేదనుకున్నా. నువ్వూ తప్పు నాదే అనుకుంటున్నావనుకున్నా. అదొక్కటే కాస్త కష్టమనిపించేది."

ఆ మాటకి ఆర్డిస్ రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది. ఎమ్మెట్ లేచొచ్చి పక్కన నిలబడ్డాడు గానీ చేతులనిండా ఆయిల్, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడేం చెప్పకు ఎవరికీ" అన్నాడు. "ఐడహోలో మా చెల్లెలు నా కోసం గది సర్ది పెట్టింది. నాతోపాటే ఈ మాటా పోతుంది."

"పోదు. ఆదివారం మారిట్‌కి చెప్పేస్తా."

"పిల్ల నీకు మిగలదు ఆర్డిస్."

"తెలుసు."

ఎమ్మెట్ పానా అందుకున్నాడు. "లే మరి, ఆ రెండో చక్రం కానిద్దాం. సగం గాలి ఉన్న బ్రేకుని నమ్ముకోడం కన్నా బ్రేకే లేదనుకోడం నయం" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఊచ అందుకుంది.

ఆదివారం మారిట్ వచ్చేసరికి పొయ్యి మీద ఆల్చిప్పల సూపు ఉడుకుతోంది. పిల్ల ఇంకా కోటు విప్పలేదు. తిన్నాక చెబుదామనుకుంటే నోరు రాదని ఆర్డిస్‌కి తెలుసు. నిలబెట్టే అంతా చెప్పేసింది, పిన్ దగ్గర్నించి ఎమ్మెట్ జేబు దాకా.

మారిట్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆ పెద్దాయన్ని నేను బజార్లో నిలబెట్టి అన్ని మాటలన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను."

"ఒక్క మాట అనలేదు."

"అనలేదు తల్లీ. నువ్వు కూడా పోతావని భయమేసింది."

సూపు పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ లేవలేదు. చాలాసేపటికి మారిట్, "ఇంతకీ ఆ రోజు నాన్నతో ఏంటి గొడవ?" అని అడిగింది.

ఆర్డిస్‌కి అబద్ధం ఆడాలనిపించింది. తాగొచ్చాడనో, చెయ్యి చేసుకున్నాడనో, ఇంకెవరినో చూసుకున్నాడనో, మనిషి ప్రాణానికి తూగే గొడవ ఒక్కటైనా దొరికితే బాగుండుననిపించింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో అలాంటివి ఒకటి రెండు లేకపోలేదు. కానీ ఆ రోజుది వాటిలో ఒకటి కాదు.

"తడి బూట్లతో వంటింట్లోకి వచ్చాడు" అంది.

మారిట్ వంటింటి గచ్చు వంక చూసింది. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. కారు ఎమ్మెట్ షెడ్డు వైపు తిరగడం ఆర్డిస్ కిటికీలోంచి చూసింది. పొయ్యి తుడిచి, రెండు గిన్నెల్లో సూపు పోసి కూర్చుంది. గంటన్నర తర్వాత అదే కారు తిరిగొచ్చింది. ఇంటి ముందు ఆగకుండా కొండదారి పట్టి వెళ్ళిపోయింది.