నలభైమందికి ఫోర్‌మన్

అన్వర్ బాషా పేరెత్తితే బాలసుబ్బయ్యకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. కువైట్ ఖైతాన్‌లో రాయచోటివాళ్లెవరైనా కలిసి, మాటల్లో ఆ పేరు తెస్తే, "వాడా? నా నోటికాడ కూడు తీసినోడు. వాని సంగతి నా ముందర ఎత్తొద్దప్పా" అంటాడు. ఏం చేశాడని అడిగితే మాత్రం చెప్పడు. సిగరెట్టు ముట్టించుకుని అటు తిరుగుతాడు.

సంగతి 1981 నాటిది. మంగఫ్‌లో కంపెనీ క్యాంపు, పైపులకు కాలవలు తవ్వే పని. ఆ ఏడు కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. పొద్దున పార ముట్టకముందే ఫోర్‌మన్ తన మనుషుల ముందు నిలబడి, ఎక్కడ తవ్వాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో గట్టిగా చెప్పాలి. చదువు అక్కర్లేదు, నోరుంటే చాలు. ఒక ఫోర్‌మన్ పని ఖాళీగా ఉంది.

అది బాలసుబ్బయ్యకు ఎంత అవసరమో గదిలో అందరికీ తెలుసు. వీసా కోసం ఊళ్లో చిన్నపుల్లయ్యకు చేను తాకట్టు పెట్టి వచ్చాడు. వచ్చే ఉగాదికి విడిపించకపోతే చేను ఆయనదే. కూలీ జీతంతో అది అయ్యేది కాదు. ఫోర్‌మన్ జీతమైతే అవుతుంది.

పని కోరేవాళ్లకు మాట్లాడటం నేర్పమని స్టోరు గుమాస్తా అన్వర్ బాషాకు అప్పగించారు. కడప మనిషి, వయసులో చిన్నవాడు. శుక్రవారం నమాజు అయ్యాక భోజనాల హాల్లో బల్లలు గోడకు జరిపి పాఠం మొదలుపెట్టేవాడు. "ముందు మన తెలుగులో నోరు తిరగనీండి, ఇంజనీరు ముందర చెప్పాల్సిన హిందీ తర్వాత చూస్తాం" అనేవాడు.

నాలుగో తరగతితో బడికి దండం పెట్టిన బాలసుబ్బయ్యకు ఈ వయసులో మళ్లీ బెంచీ. లేచి నిలబడగానే చేతులు వాటంతటవే కట్టుకునేవి, తల వాలిపోయేది.

"అన్నా, నువ్వు వీసా ఇచ్చిన కఫీల్ ముందర జీతం అడిగేదానికి పోలే. పని చెప్పేదానికి వచ్చినావు. చేతులు ఇడువు. వెనక బెంచీలో సిద్ధయ్య మొగం చూసి మాట్లాడు."

"వాని మొగంలో ఏముందని చూసేది?"

"నీ మొగం కంటే మేలేలే మామా!" అన్నాడు సిద్ధయ్య. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఉన్న రెండు మాటలూ గొంతులోకి దిగిపోయేవి.

అప్పట్లో ఊరికి ఉత్తరాలకంటే క్యాసెట్లే ఎక్కువ పోయేవి. సెలవు మీద వెళ్లేవాడి సంచిలో క్యాంపులో సగంమంది గొంతులు ఉండేవి. బాలసుబ్బయ్య కూడా గది ఖాళీ అయినప్పుడు టేపు రికార్డరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, భార్య మద్దమ్మతో రెండు వైపులా నిండేదాకా మాట్లాడేవాడు. ఒకసారి వసారాలో పోతూ అన్వర్ బాషా విన్నాడు. మాటలు తెలియలేదు, గొంతులో ధాటి మాత్రం తెలిసింది.

ఆ వారం పాఠానికి టేపు రికార్డరు పట్టుకొచ్చాడు.

"అన్నా, నీకు మనుషులంటే గదా బెరుకు. ఇదంటే లేదు గదా. కండ్లు మూసుకో. నువ్వు ఫోర్‌మన్‌వి. చెప్పు."

మీటలు టక్కుమన్నాయి. ఆ చప్పుడుతో బాలసుబ్బయ్య గొంతు విచ్చుకుంది.

"నేను ఈడ ఫోర్‌మన్‌ని. నా కింద నలభైమంది ఉండారు. నేను చెప్పేదాకా ఒకడు పార ముట్టడు. ఎవురన్నా కాలవ అంచుకు పోతే ఒక్క అరుపు అరుస్తా, ఆడికాడే నిలబడిపోతారు..."

అన్వర్ బాషా మొహం వెలిగిపోయింది. బాలసుబ్బయ్య ఆ మొహాన్ని చూడలేదు. కళ్ల వెనక అతనికి తన వాకిలి, వాకిట్లో చెవి ఒగ్గి కూర్చున్న ఆడమనిషి.

"ఎండలో నిలబడే పని నాకు లేదు. పక్కూరి సిద్ధయ్య ఉండాడే, వాడు మట్టి ఎత్తుతాడు పాపం. నేనే చెప్పి వానికి పని ఇప్పించినా. నువ్వు దిగులుపడొద్దు మద్దమ్మా. చిన్నపుల్లయ్య వస్తే తలెత్తి మాట్లాడు. మీ ఆయన ఫోర్‌మన్ అని చెప్పు. పోయిన క్యాసెట్లో గూడా చెప్తి గదా..."

వెనక బెంచీలోంచి సిద్ధయ్య గొంతు లేచింది.

"ఓ ఫోర్‌మన్ మామా! నాకు పని ఇప్పించినావా? మరి నిన్న నా పక్కన పార పట్టుకోని ఉండింది ఎవురు, మీ తమ్ముడా?"

హాలంతా పగలబడి నవ్వింది. బాలసుబ్బయ్య కళ్లు తెరిచాడు. అన్వర్ బాషా మీట నొక్కబోయి తడబడుతున్నాడు. రెండేళ్లుగా ఇంటికి చెప్పుకుంటున్న అబద్ధం, ఎవరి పక్కన నిలబడి మట్టి ఎత్తుతున్నాడో వాళ్ల ముందే బయటపడింది. చేతులు మళ్లీ కట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు కట్టుకున్నాడో అతనికే తెలియదు. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే ఇసకలో గదికి నడిచాడు.

మరుసటి శుక్రవారం ఇంజనీరు వచ్చి అందరి మాటా విని ఒకరిని తీసుకోవాలి. ఆ పూట అన్వర్ బాషా గదికి వచ్చాడు.

"రా అన్నా. ఆయప్పకు ఆ గొంతే కావాల. మద్దమ్మ పేరు తీసేస్తే చాలు. ఇంటికి అబద్ధం చెప్పనోడు ఎవురుండారు ఈ క్యాంపులో? మా యమ్మ నేను మేనేజరని అనుకుంటాంది."

"నాకు కడుపునొప్పి."

"యల్లా, లెయ్ అన్నా, ఇంజనీరు కూచోనుండాడు."

"పోరా! అందరి ముందర నా గుడ్డ ఇప్పితివి. ఇంకేం చూడాలని వచ్చినావు?"

అన్వర్ బాషా హాలుకు వెళ్లిపోయాడు. బాలసుబ్బయ్య కడుపులో ఏ నొప్పీ లేదు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. హాలు కిటికీలోంచి సిద్ధయ్య తడబడుతున్న హిందీ వినిపిస్తోంది. ఇంతకంటే నేను మేలుగా చెబుతాను అనుకున్నాడు. లేవలేదు. సాయంత్రానికి సిద్ధయ్య ఫోర్‌మన్ అయ్యాడు. ఖలాస్.

ఇంకా ఒక దారి ఉంది. గడువు అడగమని మద్దమ్మకు కబురు పెట్టొచ్చు. కానీ గడువు ఎందుకో చెప్పాలి కదా. అది చెప్పడానికి నోరు రాక, ఉగాది దాకా ఊరుకున్నాడు. తర్వాత ఊరినుంచి వచ్చినవాళ్లు చెప్పారు. చిన్నపుల్లయ్య తనంతట తానే ఇంకో ఏడాది ఆగుతానన్నాడట. "మా ఆయన నలభైమందికి ఫోర్‌మన్. గడువు అడుక్కునే గతి మాకేం పట్టలేదు" అని మద్దమ్మ తలెత్తి చెప్పిందట. ఆయనా మరి ఆగలేదు.

ఎకరా డెబ్బై సెంట్ల వేరుశనగ చేను, బావిలో సగం వాటా పోయాయి.