యానాం దాటని మరియదాసు

మరియదాసు అరచేతిలోకి నీళ్ళు తీసుకుని చీర మీద చిలకరించాడు. బండారులంక నేత చీర, ముదురు ఆకుపచ్చ, సన్నటి జరీ అంచు. ఎవరు పెట్టారో గానీ గంజి మరీ ఎక్కువైంది, అంచు అట్టకట్టింది. ఇస్త్రీపెట్టెను తడివేలితో ఒకసారి తాకి చూసుకుని, చీరను తనవైపు లాక్కుంటూ రుద్దడం మొదలుపెట్టాడు. వీధి తలుపుకి పట్టపగలే గడియ. బయట స్కూటర్ చప్పుడైతే చాలు, చెయ్యి ఆగిపోతుంది. చప్పుడు దూరమైతే మళ్ళీ కదులుతుంది.

బతుకంతా ఫ్రాన్సులో, లియోన్‌లో ఒక పెద్దాసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి రిటైరైన మనిషి. పుట్టింది మాత్రం యానాంలోనే. ఫ్రెంచివాళ్ళు వదిలాక యానాం ఇండియాలో కలిస్తే, తండ్రి ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్నప్పుడు పసివాడు కాబట్టి తండ్రితోపాటే ఫ్రెంచివాడైపోయాడు. అక్క జోసెఫిన్‌కి అప్పటికే గోదారి అవతల ఎదుర్లంకలో పెళ్ళైపోయింది, ఆవిడ ఇండియా మనిషిగా ఉండిపోయింది. తల్లి పోయాక ఇతన్ని చంకనేసుకు తిప్పింది ఆవిడే.

పెన్షను లియోన్‌లో ఒక్క గదికీ, చలికాలం వెచ్చదనానికీ సరిపోయేది. యానాంలోనైతే కనకాలపేటలో వాకిలున్న ఇల్లు, రోజూ చేపలకూర. అన్నిటికీ మించి అక్క దగ్గర. ఆఖరి రోజులు హాయిగా వెళ్ళిపోతాయనుకుని వచ్చేశాడు. తీరా వచ్చాక తెలిసింది, పుట్టిన ఊళ్ళో తను పరదేశినని. ఉండటానికి అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టుకుంటే, ఉండే చోటు 'యానాం, పుదుచ్చేరి' అని రాసుకున్నారు. అంతే, అతని బుర్రలో గీత పడిపోయింది. యానాం దాటితే ఆంధ్ర. వంతెన అవతల అక్క ఇల్లున్నది ఆంధ్రలో.

యానాం జనం పెళ్ళికీ పేరంటానికీ కొబ్బరికాయలకీ రోజూ దాటే గీత అది. అక్కడో గీత ఉందని కూడా వాళ్ళకి గుర్తుండదు. మరియదాసు ఒక్కడే సాయంత్రం వంతెన మొదలుదాకా నడిచి, అవతలి గట్టు చూసి, వెనక్కి తిరిగేవాడు. క్రిస్మస్ ముందు వచ్చినవాడు, వానాకాలమై గోదారికి ఎర్రనీళ్ళొచ్చినా ఇంకా అంతే.

పిరికితనం అంటే పిరికితనమే. కానీ ఊరికే వచ్చింది కాదు. లియోన్‌లో పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆఫ్రికా మనిషి ఒకరోజు సిగరెట్టుకని బయటికెళ్ళి కాగితాల తనిఖీలో దొరికిపోయాడు. మళ్ళీ రాలేదు. వేడెక్కి పొగలొస్తున్న అతని ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది మరియదాసే.

అక్క తుంటి విరిగి మంచాన పడింది. అందుకని ఆవిడ చీరలు ఆటో ప్రసాద్ చేతిలో ఇటొస్తాయి, ఇస్త్రీ అయి అటు వెళ్తాయి. పొద్దున్నే ఫోన్‌లో ఎగిరిపడింది ఆవిడ.

"ఒరేయ్ దాసూ, నా చీరలు దాటతన్నాయి, నువ్వు దాటలేవేంట్రా? గోదారి దాటితే ఉరేత్తారా?"

"అనుమతి రానీ అక్కా."

"నేను పోయాక వత్తదిలే."

ఆ మాట పొద్దుట్నించీ లోపల గుచ్చుతూనే ఉంది. చీర సగమైందో లేదో నిజంగానే వాకిట్లో స్కూటర్ ఆగింది. హెడ్ కానిస్టేబుల్ ఉమామహేశ్వరం. దరఖాస్తు మీద విచారణకి వచ్చాడు. మరియదాసు కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, మళ్ళీ మంచినీళ్ళిచ్చాడు.

"ఎన్నాళ్ళుంటారండి ఇక్కడ?"

"పోయేదాకా."

ఉమామహేశ్వరం నవ్వాడు. "ఆయ్, అలా రాయకూడదండి. బంధువులెవరన్నా ఉన్నారా?"

"అక్క ఉందండి. ఎదుర్లంకలో."

"ఎళ్ళొత్తన్నారా మరి?"

"లేదండి!" మరియదాసు దాదాపు అరిచాడు. "ఒక్కసారి కూడా దాటలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

కానిస్టేబుల్ కలం ఆపి అతనికేసి చూశాడు. "అదేంటండీ?"

"అనుమతి అడిగింది యానాంకే కదండీ."

"ఓరి నాయనో! ఉండే ఇల్లు ఏదో తెలియాలని ఆ ఊరు రాసుకున్నామండి. మిమ్మల్ని కట్టెయ్యడానికా? అక్కగారింటికెళ్ళి అన్నం తినొత్తే ఎవరొద్దంటారు? ఒక్క మాట అడిగితే పోయేది కదండీ."

"అడిగితే అనుమానమొస్తుందని..."

ఉమామహేశ్వరానికి నవ్వాలో వద్దో తెలియలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరియదాసుకి సిగ్గేసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు! అక్క కూర్చోలేక, పడుకోలేక పిలుస్తుంటే, లేని గోడ ఇవతల నిలబడ్డాడు. బల్ల పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని మిగతా సగం చీర ఇస్త్రీ చేశాడు, మడత మీద మడత, అంచు మీద అంచు. ప్లగ్గు పీకాడు. రెండుసార్లు చూసుకున్నాడు.

ప్రసాద్ వచ్చి చీర కోసం చెయ్యి చాపాడు.

"నేనూ వస్తన్నాను."

"మీరా! పోలీసోళ్ళో?"

"పదవయ్యా బాబూ."

వంతెన నడిమికొచ్చేసరికి మరియదాసు కళ్ళు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. కొబ్బరికాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. కింద గోదారి ఎర్రగా పారుతోంది.

జోసెఫిన్ తమ్ముణ్ణి చూడగానే తిట్లందుకుంది. తిడుతూనే అతని గడ్డం తడిమింది. "ముసలోడివైపోయావేంట్రా!" అంది. అతను చీర ఒళ్ళో పెడితే మడత మీద చెయ్యేసి నిమిరింది. కోడలు స్టెల్లా చేపలపులుసు వేసి అన్నం పెట్టింది. అక్క పక్కనుండి "ఇంకాస్త వెయ్యవే" అంటూనే ఉంది.

తిన్నాక మంచం పక్కనున్న చెక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడు కూర్చున్నా ఊగుతూ ఉండే అతని కాలు ఇవాళ ఊగలేదు.

"కాసేపు కళ్ళు మూస్తానక్కా. చీకటి పడకముందే లేపు, వెళ్ళాలి."

"ఎవరున్నార్రా అక్కడ? పడుకో."

పొద్దువాలాక స్టెల్లా కాఫీ తెచ్చి "మావయ్యగారూ" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది.

"పడుకోనియ్యవే, అలిసిపోయాడు," అంటూ జోసెఫిన్ చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు.

మర్నాడు మరియదాసుని ఆఖరిసారి చర్చికి తీసుకెళ్ళే ముందు ఆడవాళ్ళు ఆవిడకి చీర మార్చబోయారు. ఏ చీరైనా కట్టండి, అది మాత్రం ముట్టుకోవద్దంది. అందరూ వెళ్ళాక ఆ గదిలో, ఆవిడ తలగడ పక్కన, ఆకుపచ్చ చీర మరియదాసు వేసిన మడత మీదే ఉంది.